వస్తు సంస్కృతి

వస్తు సంస్కృతి అనగా ఒక సమాజంలోని మనుషులు తయారు చేసుకొని, వాడుకొని, దాచుకొని, చివరకు పారవేసే వస్తువుల ద్వారా వ్యక్తమయ్యే సంస్కృతి. దీనినే భౌతిక సంస్కృతి అని కూడా అంటారు. ఇండ్లు, దుస్తులు, వంటపాత్రలు, పనిముట్లు, ఆభరణాలు, ఆటవస్తువులు మొదలైనవన్నీ దీని పరిధిలోనివే. పురావస్తు శాస్త్రానికి, మానవ శాస్త్రానికి, చరిత్రకు ఇది ఉమ్మడి క్షేత్రం. అమెరికా జానపద శాస్త్రవేత్త రిచర్డ్ డార్సన్ 1972లో జానపద విజ్ఞానాన్ని నాలుగు శాఖలుగా విభజించి, వాటిలో ఒకటిగా దీనిని పేర్కొన్నాడు.

అధ్యయన చరిత్ర

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో 1884లో ఏర్పడిన పిట్ రివర్స్ మ్యూజియం ఈ రంగంలో పేరెన్నిక గన్నది. దానికి మూలమైన సేకరణను ఇచ్చిన సైనికాధికారి పిట్ రివర్స్, అరుదైన వస్తువుల కంటె సామాన్యమైనవే ముఖ్యమని భావించాడు. వాటిని దేశాల వారీగా కాక రకాల వారీగా అమర్చాడు. ఒక పనిముట్టు రూపం అంచెలంచెలుగా ఎలా మారిందో చూపడం అతని ఉద్దేశం. అమెరికాలో ఇటువంటి అమరికనే 1887లో ఫ్రాంజ్ బోయాస్ విమర్శించాడు. ఒక వస్తువును ఆ జాతి వారి మిగిలిన వస్తువులతోను, ఆచారాలతోను కలిపి చూడనిదే దాని అర్థం తెలియదని ఆయన వాదన. ఈ వాదమే తరువాత నిలిచింది.

1973లో విలియం రాత్జీ అరిజోనా విశ్వవిద్యాలయం తరఫున టక్సన్ నగరంలోని ఇండ్ల చెత్తను పరిశీలించడం మొదలుపెట్టాడు. తాము ఎంత బీరు తాగుతామో ఇంటివారు చెప్పిన లెక్కకు, చెత్తలో దొరికిన సీసాలకు, డబ్బాలకు పొంతన కుదరలేదు.

తిరగలి

తెలంగాణలో దీనిని ఇసుర్రాయి అంటారు. రెండు గుండ్రని రాళ్ళు, కింది రాతి మధ్యలో సీల, పై రాతిలో గింజలు పోసే రంధ్రం, అంచున కొయ్య పిడి. చూడగానే తెలిసేది ఇంతమాత్రమే. తెల్లవారుజామున ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చొని ఒకే పిడిని పట్టుకొని విసిరేవారని, ఆ శ్రమలోనే తిరగలి పాటలు పుట్టాయని, అరిగిన రాళ్ళకు ఉలితో కక్కు కొట్టేవారు వీధుల వెంట తిరిగేవారని రాతి మీద రాసి ఉండదు. అది వాడినవారిని అడిగి తెలుసుకోవలసినదే.

పిండిమరలు వచ్చిన తరువాత ఇంట్లో విసరడం, దంచడం దాదాపు ఆగిపోయాయి. అయినా పెండ్లినాటికి రోలు, రోకలి ఎక్కడినుండైనా తెచ్చి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ముత్తైదువలచేత పసుపు కొమ్ములు దంచించడం చాలా కుటుంబాలలో కొనసాగుతున్నది. పసుపు పొడి కొట్లో దొరకక కాదు. పని పోయినా వస్తువుకు గల అర్థం మిగిలిందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

రెండు గ్లాసులు

వస్తువుల అర్థం ఎల్లప్పుడూ శుభకరమైనది కాదు. గ్రామాల టీ దుకాణాలలో దళితులకు వేరుగా గ్లాసు కేటాయించే దురాచారాన్ని రెండు గ్లాసుల పద్ధతి అంటారు. తెలుగునాట, తమిళనాట ఇది ఎన్నో పోరాటాలకు కారణమైంది. భారత రాజ్యాంగపు 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన చట్టం ఫలహారశాలల్లోని పాత్రలను అస్పృశ్యత పేరిట వాడనీయకపోవడాన్ని నేరంగా పరిగణించింది. అయినా ఆ పద్ధతి దశాబ్దాల పాటు చాలాచోట్ల సాగింది.

ఆ రెండు గ్లాసులూ ఒకే కర్మాగారంలో తయారైనవి కావచ్చును. తేడా గాజులో లేదు. ఏ గ్లాసు లోపల ఉంటుంది, ఏది బయట ఉంటుంది, తాగినవాడే దానిని కడిగి పెట్టాలా అన్నదానిలో ఉన్నది. మ్యూజియం అల్మరాలో అటువంటి గ్లాసును ఒక్కదానినే ఉంచి "టీ గ్లాసు" అని చీటీ అంటిస్తే అది అసత్యం కాదు గాని, చెప్పవలసినది చెప్పినట్లు కాదు.

సేకరణ

పుణేలోని రాజా దినకర్ కేల్కర్ మ్యూజియంలో దీపపు సెమ్మెలు, అడకత్తెరలు వంటి ఇంటి వస్తువులు విస్తారంగా ఉన్నాయి. చిన్నతనంలోనే మరణించిన తన కుమారుని పేరును కేల్కర్ దానికి పెట్టాడు. అహ్మదాబాదులోని వేచార్ మ్యూజియం కేవలం పాత్రలకే అంకితమైనది.

తెలుగులో వస్తువుల కంటె వాటి పేర్ల సేకరణ ముందుగా జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. నాగలి, మగ్గం వంటి వాటి భాగాలను ఏ ప్రాంతంలో ఏమంటారో వీటిలో చూడవచ్చును. యంత్రాలు వచ్చి పనిముట్టు మూలపడితే ముందుగా మరుగున పడేవి ఈ చిన్న చిన్న భాగాల పేర్లే.

ఒక వస్తువును నమోదు చేసేటప్పుడు దాని స్థానిక నామం, భాగాల పేర్లు, తయారు చేసినవారు, బాగు చేసినవారు, ఎవరు వాడతారు, ఎవరు తాకరాదంటారు, విరిగితే ఏం చేస్తారు అన్నవి అడిగి రాసుకోవాలి. కొలతలు, ఛాయాచిత్రాలు వీటి తరువాతివి.