నో కాంటెస్ట్ అన్నవారికి అప్పీలు గలదా?

నేరం చేశానని ఒప్పుకొనటం, చేయలేదని వాదించటం: ముద్దాయికి ఈ రెండు దారులే ఉన్నవని మేమును తలచేవారము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మూడవది గలదు. దానిని "నో కాంటెస్ట్" అంటారు. అనగా ఆరోపణను ప్రతిఘటించను అని చెప్పటం.

మనుష్యులు నివసించే ఇంటిలో దొంగతనపు తలంపుతో ప్రవేశిస్తే అక్కడ అది మొదటి తరగతి బర్గ్లరీ. ఒక్క వస్తువును ముట్టకపోయినా నేరం పూర్తి అయినట్లే. శిక్ష 2, 4 లేక 6 సంవత్సరాలు. ఆరేళ్ళకు వెరచి రెండేళ్ళ ఒడంబడికకు తల ఊపేవారు ఈ మాట పలుకుతారు. "నేరస్థుణ్ణని నా నోట రాలేదు గదా" అని ఊరట. కాని తీవ్రనేరాలలో చట్టం దీనిని నేరాంగీకారంతో సమానంగానే ఎంచుతుంది. ఆ సంగతి ముద్దాయికి పూర్తిగా బోధపడినదా అని న్యాయమూర్తి ముందే విచారించాలి.

పిదప అప్పీలు చేయాలంటే 60 రోజులలో నోటీసు దాఖలు కావాలి. తన అంగీకారమే చెల్లదనేవాడు శిక్షాస్మృతి 1237.5 సెక్షను క్రింద, తగిన కారణమున్నదన్న ధ్రువపత్రాన్ని క్రింది కోర్టు నుండియే పొందాలి. ఎవరి తీర్పుపై ఫిర్యాదో వారినే అనుమతి అడగటం మాకు వింతగా తోచింది! పోలీసు సోదా అక్రమమనే వాదానికి మాత్రం ఆ పత్రం అక్కరలేదు.

న్యాయవాదికే వాదించదగిన అంశం కనబడకపోతే? అప్పీలు న్యాయమూర్తులు యావత్తు రికార్డును స్వయంగా పరిశీలించాలని 1979లో వెండే కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు నిర్ణయించింది. శిక్షకు ముందు జైలులో గడిపిన దినాల లెక్క తప్పినదని ఆ పరిశీలనలో తేలితే, ఆ దినాలు ఖైదీకి తిరిగి జమ అవుతాయి.