మోడల్‌లో ఒక్క నంబర్ మారిస్తే పని అయిపోదు: లైన్, ట్రాన్స్‌ఫార్మర్ ఎడిట్ చేసే పద్ధతి

పోయిన ఎపిసోడ్‌లో పాండాపవర్ ఇన్‌స్టాల్ చేసుకుని, చిన్న 11 కేవీ ఫీడర్ ఒకటి కట్టుకున్నాం కదా. ఆ తర్వాత నాకు వచ్చిన డౌట్స్ దాదాపు అన్నీ ఒకటే. "అన్నా, మోడల్ కట్టడం వచ్చింది. ఇప్పుడు అందులో కండక్టర్ మార్చాలి, ట్రాన్స్‌ఫార్మర్ సైజు పెంచాలి, ఎట్లా?" అడిగినవాళ్లలో జనగామ నుంచి డిప్లొమా తమ్ముడు ఉన్నాడు, మహబూబాబాద్ నుంచి బీటెక్ ఫైనల్ ఇయర్ చెల్లె ఉంది, భూపాలపల్లి నుంచి ఒక కాంట్రాక్టర్ అన్న కూడా ఉన్నాడు. అందుకే ఈరోజు మొత్తం ఎడిటింగ్ మీదే మాట్లాడుకుందాం.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక్క మాట. పాండాపవర్ అంటే జర్మనీలో కాసెల్ యూనివర్సిటీ, ఫ్రాన్‌హోఫర్ సంస్థ కలిసి చేసిన ఫ్రీ పైథాన్ లైబ్రరీ. లైన్లకు ఒక టేబుల్, ట్రాన్స్‌ఫార్మర్లకు ఒక టేబుల్, లోడ్లకు ఒక టేబుల్ ఉంటాయి. సెల్‌లో నంబర్ మార్చి రన్ కొడితే కొత్త వోల్టేజీలు వస్తాయి. ఇంత ఈజీగా ఉండడమే అసలు ప్రమాదం. తప్పు నంబర్ పెట్టినా అది ఏమీ అనదు, దానికీ ఒక జవాబు ఇచ్చేస్తుంది.

ఎందుకు ఇంత పట్టింపు?

ఈ మూడు జిల్లాల్లో చాలా భాగం 2016 అక్టోబర్ 11 దాకా పాత వరంగల్ జిల్లాలోనే ఉండేది. మూడింటికీ కరెంట్ పంపిణీ చేసేది ఎన్‌పీడీసీఎల్. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ ప్లాంట్ ఉంది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్ల యూనిట్ ఒకటి, మొత్తం 1,100 మెగావాట్లు. పక్కనే అంత కరెంట్ తయారవుతుంటే చివరి బోరు దగ్గర మోటర్ ఎందుకు మూలుగుతుంది? ఎందుకంటే ఆ రైతుకు వచ్చే వోల్టేజీని తేల్చేది ప్లాంట్ కాదు. సబ్‌స్టేషన్ నుంచి ఆయన పొలం దాకా ఉన్న ఆఖరి పది, పన్నెండు కిలోమీటర్ల తీగ.

వోల్టేజీ తగ్గినా మోటర్ ఎత్తిపోయాల్సిన నీళ్లు తగ్గవు. ఆ లోటు పూడ్చుకోవడానికి అది ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. మోటర్ పైకి తీయడం, వైండింగ్ చేయించడం, మళ్లీ దింపడం అన్నీ రైతు ఖర్చే, ఈలోగా పొలం ఎండుతుంది. మన మోడల్ "కండక్టర్ మారిస్తే చాలు" అని తప్పు చెప్పిందనుకోండి, ఖర్చు పెట్టి తీగ మార్చాక కూడా ఆ మోటర్ కాలుతూనే ఉంటుంది.

మన ఉదాహరణ ఫీడర్

ఇది లెక్క కోసం నేను అనుకున్న ఫీడర్, ఏ ఊరిదీ కాదు. సబ్‌స్టేషన్ నుంచి 12 కిలోమీటర్ల 11 కేవీ లైన్, చివర్లో 1 మెగావాట్ లోడ్, పవర్ ఫ్యాక్టర్ 0.8. అంటే 5 హెచ్‌పీ మోటర్లు సుమారు 200 ఒకేసారి నడుస్తున్నట్టు. లోడ్ అంతా చివర్లోనే పెట్టాను. నిజంగా దారి పొడవునా సమానంగా పంచి ఉంటే డ్రాప్ దాదాపు సగమే వస్తుంది.

మన దగ్గర ఏసీఎస్ఆర్ కండక్టర్లకు జంతువుల పేర్లు ఉంటాయి: స్క్విరల్, వీజిల్, రాబిట్, డాగ్, పాంథర్. జంతువు పెద్దదైన కొద్దీ తీగ లావు అవుతుంది. 20 డిగ్రీల దగ్గర వీజిల్ రెసిస్టెన్స్ కిలోమీటరుకు 0.9289 ఓమ్స్, రాబిట్‌ది 0.5524. రియాక్టెన్స్ రెండింటికీ 0.35 అనుకుందాం.

చేతి లెక్క వేస్తే వీజిల్‌తో డ్రాప్ సుమారు 1.3 కేవీ, అంటే 11.8 శాతం. 11 కేవీ లైన్‌లో వోల్టేజీ 9 శాతానికి మించి తగ్గకూడదని 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ పెట్టిన లెక్క. కాబట్టి వీజిల్ ఫెయిల్. రాబిట్ పెడితే 8.1 శాతం. పాస్! ఇక్కడే చాలామంది ల్యాప్‌టాప్ మూసేస్తారు. మీరు మూయకండి.

నంబర్ మారింది, పేరు మారలేదు

లైన్ టేబుల్‌లో ఆర్ ఓమ్ పర్ కేఎం కాలమ్‌లో 0.9289 తీసేసి 0.5524 కొట్టారనుకోండి. పక్కన స్టాండర్డ్ టైప్ కాలమ్‌లో "వీజిల్" అనే ఉంటుంది. మ్యాక్స్ కరెంట్ కాలమ్‌లో కూడా వీజిల్ లిమిటే ఉంటుంది. అంటే వోల్టేజీ రాబిట్ లెక్కన వస్తుంది, లోడింగ్ శాతం వీజిల్ లెక్కన వస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఆ ఫైల్ తెరిచినవాళ్లు ఏది నమ్మాలి?

సరైన పద్ధతి ఇది. ముందు రాబిట్‌ను ఒక స్టాండర్డ్ టైప్‌గా క్రియేట్ చేయండి. రెసిస్టెన్స్, రియాక్టెన్స్, కెపాసిటెన్స్, కరెంట్ లిమిట్ నాలుగూ ఇవ్వండి. పాండాపవర్ లైబ్రరీలో ఉన్నవి యూరప్ తీగలు, మన జంతువులు అందులో ఉండవు. తర్వాత చేంజ్ స్టాండర్డ్ టైప్ ఫంక్షన్‌తో ఆ లైన్ టైప్ మార్చండి. అన్ని కాలమ్స్ కలిసి మారతాయి.

ఇంకో మెలిక ఉంది. పాండాపవర్‌లో లైన్ క్రియేట్ చేసినప్పుడు టైప్ విలువలు ఆ లైన్‌లోకి కాపీ అవుతాయి. తర్వాత లైబ్రరీలో టైప్ మార్చినా పాత లైన్లు మారవు. పీఎస్‌క్యాడ్‌లో దీనికి ఉల్టా. అక్కడ కాంపొనెంట్ డెఫినిషన్ మారిస్తే దాన్ని వాడిన ప్రతి చోటా మారుతుంది. పారామీటర్ మారిస్తే ఆ ఒక్క కాంపొనెంటే మారుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ ముట్టుకున్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: నా ఎడిట్ ఒక్కదానికా, అన్నింటికా?

మే నెల ఎండను కూడా ఎడిట్ చేయాలి

ఆ 0.5524 అనేది 20 డిగ్రీల విలువ అన్నాను కదా. ఎండాకాలం మధ్యాహ్నం, లోడ్ మీద ఉన్న తీగ 20 డిగ్రీల దగ్గర ఉంటుందా? 65 డిగ్రీలు అనుకుందాం. అల్యూమినియం రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. 45 డిగ్రీలకు 18 శాతం. రాబిట్ 0.5524 నుంచి సుమారు 0.65కి పోతుంది. డ్రాప్ 8.1 నుంచి 9.1 శాతం అవుతుంది. ఫెయిల్!

పైగా ఇది చేతి లెక్క. పాండాపవర్‌లో లోడ్ మామూలుగా కాన్‌స్టంట్ పవర్. వోల్టేజీ తగ్గితే కరెంట్ పెరుగుతుంది, డ్రాప్ ఇంకా పెరుగుతుంది. లోడ్ ఫ్లో రన్ చేస్తే 20 డిగ్రీలకే 9 శాతానికి అంచున ఉంటుంది, 65 డిగ్రీలకు 10 దాటుతుంది. అదే ఫీడర్, అదే తీగ. ఒక్క టెంపరేచర్ వల్ల జవాబు తిరగబడింది. పాండాపవర్‌లో లైన్ టెంపరేచర్ కాలమ్ పెట్టుకోవచ్చు, కానీ రన్ చేసేటప్పుడు లైన్ టెంపరేచర్‌ను లెక్కలోకి తీసుకోమని ఆప్షన్ ఆన్ చేయాలి. లేకపోతే కాలమ్ ఉన్నా పట్టించుకోదు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర

లైబ్రరీలో 10 కేవీ/0.4 కేవీ, 400 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది. దాన్ని తెచ్చి కెపాసిటీ మాత్రం 100 కేవీఏ అని మారుస్తారు కొందరు. ఏమవుతుందో చూడండి. మనది 11 కేవీ/433 వోల్టులు. 11 కేవీ ఇస్తే లోడ్ లేనప్పుడు 433 రావాలి. ఆ 10/0.4 రేషియోతో 440 వస్తుంది. 7 వోల్టులు పుణ్యానికి వచ్చాయి! మనం వెతుకుతున్న లో వోల్టేజీని మోడలే దాచేస్తుంది. ఐరన్ లాస్ కిలోవాట్లలో ఉంటుంది కాబట్టి 400 కేవీఏ దానిదే అట్లాగే ఉండిపోతుంది. వెక్టర్ గ్రూప్ అక్కడ డీవైఎన్5, మన డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లకు డీవైఎన్11.

63 నుంచి 100 కేవీఏకి పెంచేటప్పుడు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. ఐఎస్ 1180 ప్రకారం రెండింటి ఇంపీడెన్స్ 4.5 శాతమే. నంబర్ అదే కాబట్టి ఏమీ మారలేదనుకోకండి, ఆ శాతం దాని సొంత కేవీఏ మీద లెక్క. ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినల్ దగ్గర షార్ట్ అయితే 63 కేవీఏలో సుమారు 1,870 ఆంపియర్లు, 100 కేవీఏలో సుమారు 2,960. కెపాసిటీ పెంచితే ఫ్యూజులు, స్విచ్చులు కూడా మళ్లీ చూసుకోవాలి. కాపర్ లాస్ శాతం, ఐరన్ లాస్ నేమ్ ప్లేట్ లేదా టెస్ట్ రిపోర్ట్ చూసి వేయండి.

లోడ్ అనేది ఊరి అలవాటు

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంట్ మొదలైంది. ఆటో స్టార్టర్లు ఉన్న చోట కరెంట్ పోయి వస్తే మోటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. అందుకే ఎన్ని మోటర్లు ఉన్నాయి అని ఒక్కటే అడగొద్దు, ఒకేసారి ఎన్ని నడుస్తాయి అని అడగండి. ఆ జవాబు టేబుల్‌లో ఉండదు. లైన్‌మన్‌కు తెలుసు, రైతుకు తెలుసు.

ఎడిట్ చేసే ముందు, తర్వాత

ఒకటి, మోడల్‌కు డీప్ కాపీ తీసుకుని పాతది దాచండి. రెండు, ఏదీ డిలీట్ చేయకండి, ఇన్ సర్వీస్ కాలమ్‌లో ఫాల్స్ పెట్టండి చాలు. మూడు, ఒకసారి ఒక్క మార్పే చేసి రన్ చేయండి. నాలుగు, మార్చిన ప్రతి నంబర్ పక్కన అది ఎక్కడిదో రాయండి: నేమ్ ప్లేట్‌దా, ఐఎస్ టేబుల్‌దా, మీ అంచనానా. ఐదు, కనీసం ఒక వోల్టేజీ చేత్తో లెక్క కట్టండి. సాఫ్ట్‌వేర్‌కూ మీకూ చాలా తేడా వస్తే మళ్లీ టేబుల్స్ దగ్గరకు పోండి.

ఈసారి హోంవర్క్: ఇదే ఫీడర్‌లో రాబిట్ ఉంచి, చివర్లో కెపాసిటర్ పెట్టి పవర్ ఫ్యాక్టర్ 0.8 నుంచి 0.95కి తెండి. 65 డిగ్రీల దగ్గర పాస్ అవుతుందా లేదా చూడండి. తీగ మార్చడం ఒక్కటే మందు కాదని మీకే తెలుస్తుంది. మళ్లీ కలుద్దాం, ఉంటాను.