సురక్షిత గర్భస్రావ సేవలు – ఆరోగ్య సిబ్బంది వైఖరులు

గర్భస్రావాన్ని అనుమతించే చట్టం ఒక దేశంలో ఉన్నంత మాత్రాన ఆ సేవ మహిళకు అందినట్లు కాదు. చట్టానికీ, మహిళకూ మధ్య కొందరు వ్యక్తులు ఉంటారు: డాక్టరు, స్టాఫ్ నర్సు, ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త, చివరికి ఓ.పి. చీటీ రాసే ఉద్యోగి. వీరి వైఖరులు సేవలను ఎలా ప్రభావితం చేస్తాయో ఈ భాగంలో పరిశీలిద్దాం. మీలో కొందరు ఆరోగ్య శాఖలో పనిచేస్తూనే ఈ కోర్సు చదువుతుండవచ్చు. మీ అనుభవంతో పోల్చి చూసుకోండి.

ఒక సందర్భాన్ని ఊహించుకోండి. ఇద్దరు పిల్లల తల్లి, ఎనిమిదో వారం గర్భంతో ప్రభుత్వ ఆసుపత్రికి ఒంటరిగా వచ్చింది.

"ఏమ్మా, మీ ఆయన రాలేదా?" అని నర్సు అడిగింది.

"ఊళ్లో లేడు సిస్టర్, పనికి పోయాడు."

"అయితే ఆయన వచ్చాక ఇద్దరూ కలిసి రండి. ఆయన సంతకం లేకపోతే డాక్టరు గారు చెయ్యరు."

ఇక్కడ ఎవరూ ఎవరినీ తిట్టలేదు. నర్సు తన ఉద్దేశంలో సరైన మాటే చెప్పింది. కానీ మన చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన మహిళకు ఆమె సమ్మతి ఒక్కటే చాలు. మైనరు అయినప్పుడు, లేదా మానసిక అస్వస్థత ఉన్నప్పుడు మాత్రమే సంరక్షకుల లిఖితపూర్వక సమ్మతి కావాలి. భర్త సంతకం ఆసుపత్రి అలవాటే తప్ప చట్టం పెట్టిన షరతు కాదు.

వెనక్కి వెళ్లిన ఆ మహిళ ఏం చేస్తుంది? భర్త వచ్చేదాకా ఆగితే గర్భం నెలలు పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. లేదా ఊళ్లో ఉన్న ఆర్.ఎం.పి. దగ్గరికి వెళుతుంది. (చట్టంలో ఈ మూడు అక్షరాలకు అర్థం రిజిస్టరైన వైద్యుడు, మన పల్లెల్లో వాడుక అర్థం అందుకు పూర్తిగా వేరు. ఈ తేడా గుర్తుంచుకోండి.) ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో జరిగే గర్భస్రావాల్లో సుమారు 45 శాతం సురక్షితం కానివి. వాటిలో 97 శాతం అభివృద్ధి చెందుతున్న దేశాల్లోనే జరుగుతున్నాయి.

వైఖరి వెనుక ఉన్న కారణాలు

సిబ్బంది నిరాకరణకు మతవిశ్వాసమే కారణమని సాధారణంగా అనుకుంటాం. అది కొంతవరకే నిజం. భారతదేశంలో భయం పాత్ర అంతకంటే తక్కువేమీ కాదు.

దీనికి మూలం చట్టం నిర్మాణంలోనే ఉంది. 1964లో ఏర్పాటైన శాంతిలాల్ షా కమిటీ సిఫారసుల ఆధారంగా 1971లో వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది. గర్భస్రావం చేయించడం శిక్షాస్మృతిలో నేరంగానే మిగిలింది. ఈ చట్టంలోని షరతులు పాటించిన డాక్టరుకు మాత్రం ఆ నేరం నుంచి రక్షణ దొరికింది. అంటే ఇది మహిళ కోరితే దక్కే హక్కుగా కాక, డాక్టరు సదుద్దేశంతో ఏర్పరచుకున్న అభిప్రాయంపై ఆధారపడిన సేవగా రూపొందింది. అందువల్లే డాక్టరు వైఖరికి ఇంత బరువు వచ్చింది. తనను కాపాడుకోవాలనుకునే డాక్టరు అడగనవసరం లేని కాగితాలు కూడా అడుగుతాడు.

దీనికి మరో రెండు చట్టాల నీడ తోడైంది. 1994 నాటి చట్టం గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించింది, గర్భస్రావాన్ని కాదు. అయినా "ఆడపిల్లను చంపడం నేరం" తరహా ప్రచారాల వల్ల సిబ్బందిలోనే చాలామంది అన్ని గర్భస్రావాలూ చట్టవిరుద్ధమని అనుకుంటారు. రెండోది 2012 నాటి పోక్సో చట్టం. గర్భవతి మైనరైతే పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి కావడంతో, కొందరు డాక్టర్లు అసలు కేసే తీసుకోరు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ చిక్కును కొంత విప్పింది. మైనరు, ఆమె సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర లేదని చెప్పింది. కుటుంబ సభ్యుల సమ్మతి వంటి చట్టంలో లేని షరతులు పెట్టడాన్నీ తప్పుపట్టింది. 20 నుంచి 24 వారాల మధ్య లభించే సేవకు అవివాహితులూ అర్హులేనని ఇదే తీర్పు స్పష్టం చేసింది.

మరొక వైఖరి కూడా కనిపిస్తుంది. "ఆపరేషనో, కాపర్-టీయో ఒప్పుకుంటేనే అబార్షన్ చేస్తాం" అనడం. కుటుంబ నియంత్రణ లక్ష్యాల కాలం నుంచి వచ్చిన ఈ బేరం మంచి ఉద్దేశంతో జరిగినా బలవంతమే.

దక్షిణాఫ్రికా, నేపాల్ అనుభవాలు

మనకు భిన్నంగా దక్షిణాఫ్రికా 1996లో చేసిన చట్టం మొదటి 12 వారాల్లో మహిళ కోరితే చాలునంది. ఆ దశలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు కూడా ఈ సేవ అందించవచ్చు. అయినా ఎంతోమంది నర్సులు ముందుకు రాలేదు. ముందుకు వచ్చినవారిని తోటి సిబ్బందే దూరం పెట్టారు. మహిళకు ఎదురయ్యే కళంకం ఆమెకు సేవ చేసే నర్సుకూ అంటుకుంటుందన్నమాట. ఇద్దరు ముగ్గురు తప్పుకొంటే భారమంతా మిగిలిన ఒక్కరిపై పడి, ఆమె కూడా మానేస్తుంది.

దీనికి అక్కడ 'విలువల స్పష్టీకరణ' కార్యశాలలు నిర్వహించారు. ఈ పద్ధతి తర్వాత అనేక దేశాలకు వ్యాపించింది. ఇందులో ఉపన్యాసాలు తక్కువ. ఒక అభ్యాసం ఇలా ఉంటుంది: వేర్వేరు పరిస్థితుల్లో ఉన్న కొందరు మహిళల కథలు ఇచ్చి, ఒక్కరికి మాత్రమే సేవ అందించే వీలుందని, ఎవరికివ్వాలో తేల్చమని అంటారు. అత్యాచార బాధితురాలికా, చదువుకుంటున్న అమ్మాయికా, నలుగురు పిల్లల తల్లికా? వాదించుకున్నాక, ఈ ఎంపికకు న్యాయమైన కొలబద్ద లేదని పాల్గొన్నవారికే తోస్తుంది. 'అర్హురాలు', 'అనర్హురాలు' అని రోజూ తామే తీర్పు ఇస్తున్నామని కూడా కొందరు గుర్తిస్తారు. వారి విశ్వాసాన్ని మార్చడం ఈ కార్యశాల పని కాదు. విశ్వాసాన్నీ, వృత్తి బాధ్యతనూ విడివిడిగా చూడగలిగేలా చేయడమే.

మనస్సాక్షి ఒప్పుకోని డాక్టరు స్వయంగా ఈ పని చేయకపోవచ్చు. కానీ ఆలస్యం చేయకుండా చేసేవారి దగ్గరికి పంపాలి. ప్రాణాపాయంలో నిరాకరణకు తావు లేదు. చీటీ రాయను, రక్తస్రావంతో వచ్చినవారికి బెడ్ ఇవ్వను అనడం మనస్సాక్షి కిందికి రాదు.

నేపాల్ ప్రయాణం ఇంకా దూరమైనది. ఒకప్పుడు గర్భస్రావం కారణంగా మహిళలను జైల్లో పెట్టిన ఆ దేశం 2002లో చట్టాన్ని సవరించి, 2004లో సేవలు ప్రారంభించింది. తర్వాత ఏ.ఎన్.ఎం. స్థాయి సిబ్బందికి మాత్రల ద్వారా చేసే పద్ధతిలో శిక్షణ ఇవ్వడంతో, డాక్టరు లేని కొండ ప్రాంతాలకూ సేవ చేరింది. మన దేశంలో 2021 సవరణ తర్వాత కూడా ఈ బాధ్యత అర్హులైన డాక్టర్లకే పరిమితం. అయితే ఆ సవరణ గోప్యతను గట్టిగా పట్టించుకుంది: గర్భస్రావం చేయించుకున్న మహిళ వివరాలను చట్టం అనుమతించనివారికి చెప్పిన డాక్టరుకు ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పై సందర్భంలోని నర్సు స్థానంలో మీరుంటే ఆ మహిళకు ఏం చెబుతారు? సంభాషణ రూపంలో రాయండి.

2. మీకు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భస్రావ సేవ కోసం ఏయే కాగితాలు అడుగుతున్నారో తెలుసుకోండి. వాటిలో చట్టం కోరనివి ఏవి?