సిగ్గు విడువవలసిన చోటు



"సిగ్గుమాలినవాడు" అన్నది మన పల్లెల్లో పెద్ద తిట్టు. అయితే ప్రార్థనను గూర్చి మన ప్రభువు చెప్పిన ఒక ఉపమానంలో ఆ మాటే కనబడుతుంది (లూకా 11:5-8). అర్ధరాత్రి ఒకని ఇంటికి ప్రయాణం మీద స్నేహితుడు వచ్చాడు. పెట్టడానికి ఇంట్లో ఏమీ లేదు. అతడు వెళ్ళి మరో స్నేహితుని లేపి మూడు రొట్టెలు బదులడిగాడు. పిల్లలు పండుకొన్నారని లోపలివాడు విసుక్కున్నాడు. అయినా స్నేహాన్ని బట్టి కాకపోయినా, ఇతడు సిగ్గుమాలి అడిగినందున లేచి ఇస్తాడని ప్రభువు చెప్పాడు.

1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలులో ఇక్కడ 'ఇంపార్ట్యూనిటీ' అనే అరుదైన మాట ఉన్నది. వేళగాని వేళ వెంటపడి అడగడమని దాని భావం. లూకా వ్రాసిన గ్రీకు మాట 'అనైదెయా' ఇంకా సూటియైనది. సిగ్గు లేకపోవడమనే దాని అర్థం. క్రొత్త నిబంధనలో ఆ మాట మరెక్కడా రాదు. ఇంగ్లీషువారు మెత్తపరచిన దానిని మన తెలుగు బైబిలు ఉన్నదున్నట్లే ఉంచింది.

మరి సిగ్గుమాలడం మంచిదేనా? యిర్మీయా 6:13-15 చదవండి. లాభాపేక్షతో మోసం చేసి, సిగ్గుపడటమే మరచిపోయిన ప్రవక్తలను, యాజకులను దేవుడు గద్దించాడు. వారు పాపం చేయడానికి సిగ్గుపడలేదు. రొట్టెలడిగినవాడో, ఇంకొకరి ఆకలి తీర్చడానికి సిగ్గుపడలేదు. భేదం ఇక్కడే ఉన్నది.

మన ప్రాంతపు సంఘ చరిత్ర చూడండి. ఫలం కనబడనందున తెలుగు మిషనును మూసివేయాలా అని అమెరికా బాప్టిస్టులు 1853లో తర్కించారు. 1854 జనవరి 1 ఉదయాన లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండ మీదికి వెళ్ళి, ఆ ఊరికి ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. క్లౌ దొర ఒంగోలు చేరింది 1866లో! పన్నెండేళ్ళ తరువాత! 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

అడగడానికి సిగ్గుపడితే ఏమవుతుందో కూడా ఈ నేలకు తెలుసు. 1987-88లో పత్తికి తెల్లదోమ పట్టి, ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులు ఎందరో అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నారు. కౌలు బాకీ, పురుగుమందుల కొట్టు బాకీ భార్యకు సైతం చెప్పక లోలోపల కుమిలిపోయే తండ్రులు నేటికీ మన పర్చూరు పల్లెల్లో ఉన్నారు. ఆదివారం గుడిలో పక్కన కూర్చున్నవారికి కూడా ఆ సంగతి తెలియదు.

సహోదరులారా, ఆ సిగ్గు దేవుడిచ్చినది కాదు. అర్ధరాత్రయినా సరే, పాస్టరుగారి తలుపు తట్టండి, సంఘపెద్ద తలుపు తట్టండి, తోడబుట్టినవారి తలుపు తట్టండి. లోపలనున్నవారలారా, విసుక్కొనక లేవండి. చేతిలో డబ్బు లేకపోయినా, తెల్లవారేదాకా కూర్చుని వినండి. పరలోకపు తండ్రి ఆ ఉపమానంలోని స్నేహితునివలె విసుక్కొనేవాడు కాడు. ఆయన తలుపుకు గడియ లేదు.