రాజధాని ఉంటేనే ‘జింగ్’

1960ల నాటి తెలుగు పత్రికలు తిరగేస్తే చైనా రాజధాని ‘పెకింగ్’ అని కనిపిస్తుంది. ఇప్పటి పిల్లలకు తెలిసింది బీజింగ్. నడుమ ఎప్పుడో ఊరి పేరు మార్చేశారని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ మారింది పేరు కాదు, మనం రాసే తీరు. చైనా లిపిలో ఆ రెండు అక్షరాలూ అవే. ఉత్తరాది చైనీయుల నోట ‘కింగ్’ క్రమంగా ‘జింగ్’ అయింది. విదేశీయులు మాత్రం పాత పలుకునే పట్టుకుని రాస్తూ వచ్చారు. చైనా ప్రభుత్వం 1958లో ‘పిన్‌యిన్’ అనే రోమన్ లిపి పద్ధతిని ఆమోదించి, 1979 నుంచి విదేశీ భాషల ప్రచురణల్లోనూ దాన్నే వాడింది. ఇంగ్లిష్ పత్రికలు మెల్లగా అటు మళ్లాయి. వాటిని చూసి మనవీ మళ్లాయి. అక్కడి ప్రసిద్ధ విశ్వవిద్యాలయం ఇంగ్లిష్‌లో ఇప్పటికీ పెకింగ్ యూనివర్సిటీయే.

అసలైన పేరు మార్పులు వేరే ఉన్నాయి. అవి అర్థం కావాలంటే ముందు పేరును విడదీసి చూడాలి. ‘బెయ్’ అంటే ఉత్తరం, ‘జింగ్’ అంటే రాజధాని. రెండూ కలిస్తే ‘ఉత్తర రాజధాని’. అంటే ఇది ఊరి పేరు కన్నా ఊరి హోదా. ఆఫీసు గుమ్మం పక్కన తగిలించే బోర్డులాంటిది. పదవి ఉన్నన్నాళ్లే ఉంటుంది, పదవి పోతే దిగిపోతుంది. ఇక ‘ఉత్తరం’ అన్నామంటే ఎక్కడినుంచి ఉత్తరం అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. జవాబు రాజు ఎక్కడ కూర్చున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది.

దాదాపు మూడు వేల ఏళ్ల కిందట ఇక్కడున్న ఊరి పేరు ‘జీ’. దాన్ని ఆక్రమించిన యెన్ రాజ్యం ఇక్కడే రాజధాని పెట్టుకుంది. యెన్ రాజ్యం క్రీస్తుపూర్వం 222లో అంతరించింది గానీ పేరు అంతరించలేదు. ‘యెన్‌జింగ్’, అంటే యెన్ వారి రాజధాని, అన్న మాట కవుల నోటా జనం నోటా నిలిచిపోయింది. నేటికీ ఆ నగరంలో బాగా అమ్ముడయ్యే ఒక బీరు పేరు యెన్‌జింగే.

టాంగ్ చక్రవర్తుల కాలానికి ఇది ‘యౌజౌ’ అనే సరిహద్దు పట్టణం. పెద్ద మలుపు 938లో వచ్చింది. సింహాసనం ఎక్కడానికి ఖితాన్ల సాయం తీసుకున్న ఒక చైనా రాజు, అందుకు ప్రతిఫలంగా ఉత్తరాదిన 16 జిల్లాలను వాళ్లకు అప్పగించాడు. ఈ ఊరు వాటిలో ఒకటి. ఖితాన్ల లియావ్ సామ్రాజ్యం దీన్ని తన అదనపు రాజధానుల్లో ఒకటిగా చేసుకుని పెట్టిన పేరేమిటో తెలుసా? ‘నాన్‌జింగ్’. అంటే దక్షిణ రాజధాని! నేటి ‘ఉత్తర రాజధాని’ అప్పుడు దక్షిణ రాజధాని. ఖితాన్ల సొంత గడ్డ ఇంకా ఉత్తరాన గడ్డిమైదానాల్లో ఉంది. అక్కడినుంచి చూస్తే ఇది దక్షిణపు అంచే కదా.

లియావ్‌ను కూల్చిన జుర్చెన్లు చైనాలోకి ఇంకా లోతుగా చొచ్చుకొచ్చారు. వాళ్ల సరిహద్దు హువాయ్ నది దాకా జరిగింది. దాంతో అంచున ఉన్న ఊరు రాజ్యం నడుమకు వచ్చింది. 1153లో రాజు ఇక్కడికి రాజధాని మార్చి ‘జోంగ్‌దూ’, మధ్య రాజధాని, అన్నాడు. ఊరు ఉన్నచోటే ఉంది. దక్షిణం కాస్తా మధ్య అయింది.

1215లో మంగోలులు దాన్ని పట్టుకుని ధ్వంసం చేశారు. చెంగిజ్ ఖాన్ మనవడు కుబ్లాయ్ ఖాన్ 1267లో పాత ఊరికి ఈశాన్యాన కొత్త నగరం మొదలుపెట్టి, 1272లో ‘దాదూ’, మహా రాజధాని, అని పేరు పెట్టాడు. తురుష్క భాషల వాళ్లు దాన్ని ‘ఖాన్‌బాలిఖ్’, ఖాన్ గారి నగరం, అన్నారు. మార్కో పోలో గ్రంథంలో కనిపించేది ఈ పేరే. ఆ నగరపు మట్టి గోడ ఇంకా కొంత మిగిలి ఉంది. ఇప్పుడది చెట్లు పెరిగిన గట్టులా, పొడవాటి పార్కుగా కనిపిస్తుంది. దాని వెంబడి వెళ్లే 10వ నంబరు మెట్రోలో ఒక స్టేషన్ పేరు షీతూచెంగ్, అంటే ‘పడమటి మట్టిగోడ’.

1368లో మింగ్ వంశ స్థాపకుడు మంగోలులను తరిమేశాడు. ఆయన రాజధాని ఎక్కడో దక్షిణాన, యాంగ్‌చీ నది ఒడ్డున ఉంది. నేటి నాన్‌జింగ్ అదే. మరి ఈ ఊరికి ‘రాజధాని’ అన్న మాట ఎందుకు? దాన్ని పీకేసి ‘బెయ్‌పింగ్’, ఉత్తర శాంతి, అన్నాడు. తర్వాత ఆయన నాలుగో కొడుకు సొంత అన్న కొడుకు మీదే యుద్ధం చేసి గద్దెనెక్కాడు. ఆయనే యోంగ్లె చక్రవర్తి. తనకు బలమిచ్చిన ఊరికి 1403లో ‘బెయ్‌జింగ్’ అని పేరు పెట్టాడు. ఈ ఊరికి ఆ పేరు వచ్చింది అప్పుడే. 1421లో కొత్త రాజప్రాసాదంతో సహా రాజధాని ఇక్కడికి వచ్చేసింది.

అయినా కథ తేలలేదు. ఆయన కొడుక్కి దక్షిణానికి తిరిగి వెళ్లాలని మనసు. 1425లో ఇక్కడి ప్రభుత్వ శాఖల పేర్లకు ముందు ‘రాజుగారి తాత్కాలిక విడిది’ అన్న అర్థం వచ్చే మాట చేర్చమని ఆజ్ఞాపించాడు. వెళ్లకముందే, ఏడాది కూడా ఏలకుండానే చనిపోయాడు. రాజులు ఇక్కడే ఉంటున్నారు, కాగితాల మీద మాత్రం అంతా తాత్కాలికమే! ఆ మాట తొలగడానికి 1441 దాకా పట్టింది. 1644లో వచ్చిన చింగ్ వంశం ఇక్కడే కొనసాగింది కాబట్టి హోదాకు ఢోకా లేకపోయింది.

చక్రవర్తుల పాలన ముగిశాక, 1928లో కువోమిన్‌టాంగ్ పార్టీ నాన్‌జింగ్ రాజధానిగా దేశాన్ని ఏలుతూ, ఇక్కడ మళ్లీ పాత బోర్డే బయటికి తీసింది: బెయ్‌పింగ్. 1937లో జపాన్ ఆక్రమణ కింద వెలసిన కీలుబొమ్మ ప్రభుత్వం బెయ్‌జింగ్ అంది. 1945లో జపాన్ ఓడాక తిరిగి బెయ్‌పింగ్. 1949 సెప్టెంబర్ 27న కమ్యూనిస్టులు కొత్త దేశానికి రాజధానిని నిర్ణయిస్తూ బెయ్‌జింగ్ అన్నారు. అక్టోబర్ 1న మావో గణతంత్రాన్ని ప్రకటించింది ఈ పేరున్న నగరంలోనే.

ఓడిపోయి తైవాన్ చేరిన కువోమిన్‌టాంగ్ ప్రభుత్వం మాత్రం ఆ తర్వాత దశాబ్దాల పాటు దాన్ని బెయ్‌పింగ్ అనే రాసింది. నగరం చేజారింది, దేశమూ చేజారింది. అయినా ఆ ఊరిని ‘జింగ్’ అంటే అక్కడున్న వాళ్లే ఏలికలని తన చేత్తో సంతకం పెట్టినట్టే కదా!