పెంటికలు చూసి కడుపుతో ఉందని ఎలా చెబుతారు?

శామీర్‌పేట జింకల పార్కుకు వెళితే నేలమీద నల్లటి పెంటికలు కనిపిస్తాయి. మేడ్చల్ వైపు మేకల దొడ్లలోనూ అలాంటివే. వాటితో ఆడజంతువు కడుపుతో ఉందో లేదో చెప్పవచ్చంటే నమ్ముతారా? హైదరాబాద్ అత్తాపూర్‌లోని లాకోన్స్ అనే పరిశోధనశాల శాస్త్రవేత్తలు మూషిక జింకల విషయంలో ఆ పనే చేశారు. కుందేలంత ఉండే ఈ పిరికి జీవి మన అడవుల్లో అరుదైపోయింది. దాని సంతతి పెంచాలంటే ఏ ఆడజింక ఎప్పుడు ఎదకొచ్చిందో, ఎప్పుడు చూలు కట్టిందో తెలియాలి. రక్తం తీసి చూడొచ్చుగా అంటారేమో! పట్టుకుంటే బెదిరి ప్రాణమే పోగొట్టుకోవచ్చు. అందుకే పెంటికలే మేలు.

గర్భాన్ని నిలిపే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్, అంటే ఒంట్లో కబుర్లు మోసే రసాయనం, పని అయ్యాక కాలేయంలో విరిగి పేగుల్లోకి చేరుతుంది. చెత్తబుట్టలో బఠాణీ తొక్కలుంటే ఇంట్లో ఏం వండారో తెలిసిపోదూ? ఇదీ అంతే. పెంటికలను ఎండబెట్టి, పొడిచేసి, ఆల్కహాల్‌లో కలిపి ఆ హార్మోన్ ముక్కలను బయటికి లాగుతారు. పసుపులో సున్నం పడితే ఎర్రబడినట్టు, పరీక్షలో వచ్చే రంగును బట్టి హార్మోన్ ఎంతుందో లెక్కగడతారు. తిండి మారినా, వాన తడిపినా లెక్క తప్పదా? తప్పుతుంది. అందుకే ఒక్క పెంటికను నమ్మరు. తాజావి ఏరి, గడ్డకట్టించి, వారాల తరబడి అదే జింక పాత లెక్కలతో పోల్చి చూస్తారు. నాకైతే ఈ ఓపికే అసలు శాస్త్రమనిపిస్తుంది. సంతతి పెంచే ఈ ప్రయత్నంలోనే నెహ్రూ జూ పార్కులో పెంచిన మూషిక జింకలను 2017లో అమ్రాబాద్ అడవిలో వదిలారు.