ప్రీ-లాంచ్ ఆఫర్ వచ్చిందా? ఈ ఐదు ప్రశ్నలు అడిగాకే అడ్వాన్స్!

‘మొత్తం డబ్బు ఒకేసారి కడితే సగం రేటుకే ఫ్లాట్. ఈ ఆదివారం వరకే!’ ఇలాంటి మెసేజ్ మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. ఇళ్లు, స్థలాల గురించి రాస్తుంటాను కాబట్టి ఫ్రెండ్స్ వీటిని నాకు పంపించి ‘కొనొచ్చా?’ అని అడుగుతుంటారు. అప్పుడు నేను తిరిగి అడిగే ప్రశ్నలివే.

1. రెరా నంబరు ఉందా?

500 చదరపు మీటర్ల లోపు స్థలం లేదా 8 లోపు ఫ్లాట్లు ఉన్న చిన్న ప్రాజెక్టులకు మినహాయింపు ఉంది. మిగతావి 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ కావాల్సిందే. అంతవరకూ ప్రకటనలు ఇవ్వకూడదు, బుకింగులూ తీసుకోకూడదు. రిజిస్టరయ్యాక మనం కట్టే డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టుకే వాడాలి. ప్రీ-లాంచ్‌లో ఈ రక్షణ ఉండదు. అంటే మీరు హామీ ఏదీ లేకుండా బిల్డర్‌కి అప్పు ఇస్తున్నట్టే! బ్రోషర్‌లో ఉన్న నంబరును రెరా వెబ్‌సైట్‌లో మీరే వెతికి చూసుకోండి.

2. చేతికి ఏ కాగితం ఇస్తున్నారు?

రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని చట్టం చెబుతోంది. నాకు తెలిసిన ఓ సాఫ్ట్‌వేర్ కుర్రాడు వాళ్ల నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు 18 లక్షలు తెచ్చి కట్టాడు. మూడేళ్లయింది. పునాది కూడా తవ్వలేదు. అతని దగ్గరున్నది ఒక్క రసీదే.

కొందరు ‘యూడీఎస్ రిజిస్టర్ చేస్తాం’ అంటారు. అది స్థలంలో విడదీయని వాటా మాత్రమే. కట్టడానికి అనుమతి రాకపోతే ఆ కొద్ది గజాలను విడిగా అమ్ముకోవడం చాలా కష్టం.

3. స్థలం క్లియరేనా?

కనీసం 30 ఏళ్లకు ఈసీ తీయించండి. కోర్టు కేసులన్నీ అందులో కనిపించవు కాబట్టి లింకు డాక్యుమెంట్లు లాయర్‌కి చూపించండి. ఆ లాయర్ని బిల్డర్ కాదు, మీరే పెట్టుకోవాలి. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ కూడా చూసుకోండి. హైదరాబాద్‌లో 2024లో హైడ్రా వచ్చాక ఇలాంటి చోట్ల కట్టడాలు కూలడం టీవీల్లో చూశాం కదా.

4. మొత్తం ఎంతవుతుంది?

బ్రోకర్ చెప్పే 1,500 అడుగుల్లో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కూడా కలిసి ఉంటుంది. కార్పెట్ ఏరియా ఎంతో విడిగా అడగండి. ఇల్లు కడుతుండగా కొంటే సాధారణంగా 5 శాతం జీఎస్టీ ఉంటుంది. పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు. రిజిస్ట్రేషన్, పార్కింగ్, కార్పస్ ఫండ్ కూడా కలిపితేనే అసలు ధర తెలుస్తుంది.

5. అద్దెతో ఈఎంఐ గట్టెక్కుతుందా?

ఉదాహరణకు 80 లక్షల ఫ్లాటుకి నెలకు 22 వేల అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 2.64 లక్షలు, అంటే 3.3 శాతం. మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, ఖాళీగా ఉన్న నెలలు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. అదే 60 లక్షల లోను 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 52 వేలు. అద్దె పోగా నెలకు 30 వేలు మన జేబులోంచే పోవాలి. ఉద్యోగం పోయినా ఆర్నెల్లు కట్టగలమా అని ఇంట్లో కూర్చుని లెక్కేసుకోండి.

ఈ ప్రశ్నలకు బిల్డర్ విసుక్కుంటే, మీకు జవాబు దొరికినట్టే. ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు రసీదులు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ వివరాలు, వాట్సాప్ చాట్‌లు డిలీట్ చేయకుండా దాచుకోండి. రెరాలో ఫిర్యాదు చేసేటప్పుడు అవే మీ సాక్ష్యాలు.